బల్లరాట్: సముద్రం లేని బంగారపు ఊరు, ఆ పేరు మోసిన ఓడలు

డాల్ఫిన్‌నోస్_చూపు
2020 నవంబరు 3 నుంచి 6 దాకా విశాఖ తీరానికి దూరంగా బంగాళాఖాతంలో, వేరే దేశాల నౌకాదళాలతో మనవాళ్లు కలిసి చేసే మలబార్ విన్యాసాల మొదటి దశ జరిగింది. మన రణ్‌విజయ్, శివాలిక్, అమెరికా జాన్ ఎస్. మెకెయిన్, జపాన్ ఒనామిలతో పాటు 155 నంబరున్న ఆస్ట్రేలియా ఫ్రిగేట్ (మధ్యరకం యుద్ధనౌక) కూడా వచ్చింది. దాని పేరు బల్లరాట్. 2007 తర్వాత ఆస్ట్రేలియా మలబార్‌లోకి మళ్లీ అడుగుపెట్టింది ఈ ఓడతోనే. మ్యాప్ తీస్తే ఆ ఊరు మెల్‌బోర్న్‌కి పడమరగా 110 కిలోమీటర్ల దూరంలో, 400 మీటర్లకు పైబడిన ఎత్తులో కనిపిస్తోంది. చుక్క ఉప్పునీళ్లు లేని ఊరి పేరు యుద్ధనౌకకు ఎందుకు పెట్టారు? ఆ పేరుతో మొత్తం ఎన్ని ఓడలు? నెట్‌లో ఒకచోట రెండు, ఇంకోచోట మూడు, మరోచోట నాలుగు అంటున్నారు.

లంగరు_రాజు
ఎవరు ఏ లెక్కన చెబుతున్నారో చూస్తే ఆ మూడూ సరైనవే.

నౌకాదళం లెక్కలో రెండు. మొదటిది జె184, బాతర్స్ట్ తరగతి కార్వెట్ (చిన్న యుద్ధనౌక). 1940 డిసెంబరులో జలప్రవేశం, 1941 ఆగస్టు 30న సర్వీసులోకి. రెండోది ఇప్పుడున్న ఎఫ్‌ఎఫ్‌హెచ్ 155, యాంజాక్ తరగతి ఫ్రిగేట్. 2002 మే 25న జలప్రవేశం, 2004 జూన్ 26న సర్వీసులోకి. రెండూ మెల్‌బోర్న్ పక్కనున్న విలియమ్స్‌టౌన్ యార్డులోనే పుట్టాయి.

మూడు అనేవాళ్లు మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని మోసిన ప్యాసింజర్ ఓడను కలుపుతారు. అది పి అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల కంపెనీది. యుద్ధానికి తీసుకుని ఎ70 అని నంబరిచ్చారు, అంతే. నాలుగు అనేవాళ్లు అదే కంపెనీకి 1882లో ఉన్న ఇంకో పాత ఓడను కూడా కలుపుతారు. దానికి ఆ యుద్ధంతో సంబంధమే లేదు.

ఇక పేరు సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియాలో 60 బాతర్స్ట్ ఓడలు కట్టారు. వాళ్ల నౌకాదళం నడిపిన వాటికి వరసగా పట్టణాల పేర్లు పెట్టుకుంటూ పోయారు. బెండిగో, కాసిల్‌మెయిన్, గింపీ, కాల్‌గూర్లీ చూడండి, అన్నీ బంగారం తవ్విన ఊళ్లే. ఆ దేశంలో లోపలివైపు చాలా ఊళ్లు బంగారంతోనే పుట్టాయి కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

పలుగురాయి
ఓడల దాకా వెళ్లే ముందు ఊరి కింద ఏముందో చెప్పాలి. అది తెలియకపోతే 1854లో బంగారం తవ్వేవాళ్లు ప్రభుత్వం మీద తిరగబడిన యురేకా తిరుగుబాటు ఎందుకు అక్కడే జరిగిందో అర్థం కాదు.

1851 ఆగస్టు మొదట్లో పక్కనున్న బునిన్యాంగ్‌లో థామస్ హిస్కాక్‌కి బంగారం దొరికింది. అదే నెలలో బల్లరాట్ దగ్గర పావర్టీ పాయింట్, గోల్డెన్ పాయింట్ అనే చోట్ల కూడా బయటపడింది. మొదట దొరికింది పైపై ఒండ్రులో. దాన్ని తీయడానికి పార, పలుగు, తట్ట, ఊయలపెట్టె చాలు. ఈ ఊయలపెట్టెకు నలుగురు కావాలి: ఒకరు తవ్వాలి, ఒకరు మోయాలి, ఒకరు నీళ్లు పోయాలి, ఒకరు ఊపాలి. పైన చిల్లుల పళ్లెం రాళ్లను ఆపుతుంది. కింద వాలుబల్ల మీద అడ్డంగా కొట్టిన సన్నని కర్రల వెనక బంగారం కూర్చుంటుంది. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు, పలుగురాయి 2.65 రెట్లు మాత్రమే. పెట్టె మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది.

చెడేది ఎక్కడంటే, బల్లరాట్ మట్టి బంకమట్టి. ఉండలు ఉండలుగా పెట్టెలో వేస్తే ఆ ఉండే బంగారు రేణువుల్ని అంటించుకుని బయటికి దొర్లిపోతుంది. అందుకే ముందు పీపాల్లో నానబెట్టి, పారతో కలియబెట్టి, పల్చటి బురద చేసి ఒంపేసి, అడుగున మిగిలిందే పెట్టెలో వేసేవాళ్లు. తర్వాత గుండ్రటి కందకంలో గుర్రంతో తిప్పించే యంత్రాలు వచ్చాయి, మన గానుగ లాంటివే అనుకోండి. మరీ వేగంగా ఊపితే సన్న బంగారం నీళ్లతో పోతుంది. నీళ్లు చాలకపోతే కర్రల వెనక ఇసుక గట్టిపడి బంగారానికి చోటుండదు.

పైపొర త్వరగానే అయిపోయింది. అసలు సరుకు కింద, పూర్వకాలపు వాగుల అడుగున ఉంది. ఆ వాగుల్ని మట్టి, ఇసుక, పడమరవైపు లావా నల్లరాయి కప్పేశాయి. తవ్వేవాళ్లు ఆ పూడిపోయిన వాగును 'గట్టర్' అన్నారు. 1854 నాటికి యురేకా దగ్గర 100 అడుగులు దాటి దిగాల్సి వచ్చేది.

కొత్తపడవ
మన కోలార్ లాంటిదేనా అండీ? ఇంకోటి, ప్రపంచంలో అతిపెద్ద ముద్ద బల్లరాట్‌లోనే దొరికిందంటారు, 72 కిలోలు.

పలుగురాయి
రెండూ కావు.

కోలార్‌లో బంగారం గట్టి రాతిలో, పలుగురాయి చారల్లో ఉంటుంది. రాయి పగలగొట్టి, పొడిచేసి, రసాయనాలతో తీయాలి. పెట్టుబడి లేనిదే మొదలే పెట్టలేరు. చిత్తూరు వైపు చిగురుకుంట, బిసనత్తం గనులదీ అదే కథ. బల్లరాట్‌లో తొలినాళ్లలో చేతిలో పారున్న ప్రతివాడూ గని యజమానే. గట్టిరాతి గనులు అక్కడా తర్వాత వచ్చాయి కానీ ఊరు పుట్టింది ఒండ్రు మీద.

ముద్ద విషయంలో అందరూ పొరబడేదే మీరూ పొరబడ్డారు. 72 కిలోల 'వెల్‌కమ్ స్ట్రేంజర్' దొరికింది 1869 ఫిబ్రవరి 5న, మొలియాగుల్‌లో. అది వేరే ఊరు, చెట్టు వేళ్ల దగ్గర దాదాపు నేల మీదే దొరికింది. బల్లరాట్‌ది 'వెల్‌కమ్ నగ్గెట్'. 1858 జూన్ 9న బేకరీ హిల్‌లో 180 అడుగుల లోతున, 22 మంది కార్నిష్ (ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ వాళ్లు) భాగస్వాముల గనిలో బయటపడింది. బరువు 2,217 ట్రాయ్ ఔన్సులు. ఔన్సుకు 31.1 గ్రాములు, అంటే దాదాపు 69 కిలోలు. పాత తులాల్లో 5,900 పైచిలుకు. చివరికి లండన్ టంకశాల కొని కరిగించి నాణేలు పోసింది. మ్యూజియంలలో ఉండేవన్నీ నకళ్లే.

తామ్రపత్రం
పలుగురాయి గారు వదిలేసిన చోట అందుకుంటాను. ఆ లోతే లైసెన్సు గొడవకు మూలం.

లైసెన్సు అంటే తవ్వడానికి నెలనెలా ప్రభుత్వానికి కట్టే రుసుం. దొరికిన బంగారం మీద పన్ను కాదది. దొరికినా దొరక్కపోయినా కట్టాలి. 1851లో నెలకు 30 షిల్లింగులు. ఔన్సు 3 పౌన్ల (60 షిల్లింగుల) ధర లెక్కన అర ఔన్సు బంగారం. పైపొర తవ్వేవాడికి అది కష్టమే కానీ వారంలో ఏదో ఒకటి చేతికొస్తుంది. 100 అడుగుల గొయ్యి దించేవాడి సంగతి వేరు. పది మంది కలిసి నెలల తరబడి తవ్వాలి, అడుగుకు చేరేదాకా చేతికి గవ్వ రాదు. చేరాక గట్టర్ పక్కకు తప్పిపోయిందని తేలితే ఆ గొయ్యిని 'షైసర్' అని తిట్టి వదిలేయడమే.

ఒక సవరణ. యురేకా నాటికి రుసుం 30 షిల్లింగులని చాలా తెలుగు వ్యాసాల్లో కనిపిస్తుంది, తప్పు. 1853 చివర్లోనే నెలకు 1 పౌను, మూడు నెలలకు 2, ఏడాదికి 8 పౌన్లు చేశారు. 1854లో మంట పెట్టింది ధర కన్నా తనిఖీ. గవర్నర్ చార్లెస్ హోథమ్ వారానికి రెండుసార్లు సోదా చేయమన్నాడు. కాగితం ఒంటి మీదే ఉండాలి. నడుంలోతు నీళ్లలో గొయ్యి అడుగున ఉన్నవాడు కాగితం తడవకుండా ఎక్కడ పెట్టుకుంటాడు? పోలీసు కేకేస్తే పని ఆపి, తాడు పట్టుకుని 100 అడుగులు పైకి రావాలి. పైకొచ్చేలోపు కింద నీళ్లు ఊరిపోతాయి.

1854లో వరస ఇది: అక్టోబరు 7న యురేకా హోటల్ దగ్గర జేమ్స్ స్కోబీ అనే తవ్వేవాడి హత్య, ఆ కోపంతో 17న ఆ హోటల్ దహనం, నవంబరు 11న బేకరీ హిల్ మీద రిఫార్మ్ లీగ్ అనే తవ్వేవాళ్ల సంఘం, 29న లైసెన్సులు తగలబెట్టి నీలం మీద తెల్ల శిలువ, ఐదు నక్షత్రాల జెండా ఎగరేయడం. డిసెంబరు 3 ఆదివారం తెల్లవారుజామున సైన్యం తవ్వేవాళ్లు కట్టుకున్న దుంగల కంచె మీద పడింది. కనీసం 22 మంది తవ్వేవాళ్లు పోయారు. నాయకుడు పీటర్ లేలర్ ఎడమ చేయి పోయింది. రాజద్రోహం కింద విచారించిన 13 మందినీ జ్యూరీ వదిలేసింది. 1855లో లైసెన్సు తీసేసి ఏడాదికి 1 పౌను 'మైనర్స్ రైట్' (తవ్వేవాడి హక్కుపత్రం) పెట్టారు. ప్రభుత్వ ఆదాయానికి ఎగుమతయ్యే బంగారం మీద ఔన్సుకు రెండున్నర షిల్లింగుల సుంకం వేశారు. అంటే దొరికితేనే కట్టు. ఇదేదో మొదటే చేసి ఉంటే సరిపోయేది!

ఫ్రిగేట్ నినాదం 'డిఫెండ్ ద ఫ్లాగ్', జెండాను కాపాడు అని. ఈ చరిత్ర తెలిసినవాడికి ఏ జెండా గుర్తొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఒకనాడు బ్రిటన్ రాణి బలగాలు చింపి లాక్కెళ్లిన జెండా ఉన్న ఊరి పేరు, రాణి పేరిటే నడిచిన నౌకాదళం ఓడ మీద! ఆ చిరిగిన జెండా ఇప్పటికీ బల్లరాట్‌లోనే ఉంది. మొత్తం ఉన్నప్పుడు 2.6 మీటర్ల ఎత్తు, 4 మీటర్ల పొడవు.

కొత్తపడవ
నీళ్లు ఊరే మట్టిలో 100 అడుగులు కూలకుండా ఎలా దించేవాళ్లు?

పలుగురాయి
చీల్చిన చెట్టు పలకలతో. రెండు మూడు అడుగులు తవ్వడం, నాలుగు వైపులా పలకలు అడ్డంగా బిగించడం, పలకకీ మట్టికీ మధ్య సందులో బంకమట్టి కూరడం, మళ్లీ దిగడం. బంకమట్టి సరిగ్గా కూరకపోతే నీటితో పాటు ఇసుక కారుతుంది. ఇసుక కారిన చోట పలక వెనక డొల్ల ఏర్పడుతుంది. ఒక రాత్రి ఆ వైపు పలకలన్నీ లోపలికి ఒరుగుతాయి. అన్నిటికంటే భయం దీనికే, ఎందుకంటే బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. అందుకే రాత్రీ పగలూ వంతులేసుకుని నీళ్లు చేదేవాళ్లు.

గాలి ఇంకో సమస్య. గొయ్యి నోటి దగ్గర ఓడ తెరచాప గుడ్డతో గరాటు కట్టి గాలివాటుకు తిప్పి, గుడ్డగొట్టాన్ని అడుగుదాకా వదిలేవాళ్లు. పాత బొమ్మల్లో గుట్టల మీద వరసగా తెల్లటి గుడ్డలు ఎగురుతూ కనిపించేవి అవే. సముద్రానికీ ఆ ఊరికీ ఉన్న చుట్టరికం కావాలంటే ఇదిగో, ఆ తెరచాప గుడ్డ!

లంగరు_రాజు
బాగుంది. ఇక నా వంతు, జె184.

పొడవు 57 మీటర్లు, డిజైన్ బరువు 650 టన్నులు, నిండా ఎక్కిస్తే వెయ్యి దాటుతుంది. సిబ్బంది 85 మంది దాకా. వేగం 15 నాట్లు, అంటే గంటకు 28 కిలోమీటర్లు. అదేమిటి అంత తక్కువ అంటారు. టర్బైన్ పెట్టాలంటే పెద్ద గేర్లు కచ్చితంగా కోయాలి, ఆ సత్తా అప్పుడు వాళ్ల చిన్న యార్డులకు లేదు. మూడు సిలిండర్లలో ఒకే ఆవిరిని మూడుసార్లు వాడుకునే పాత ఇంజిన్‌నైతే మామూలు ఫౌండ్రీ, రైల్వే వర్క్‌షాపు కూడా చేసిపెట్టగలదు. అందుకే 8 యార్డుల్లో 60 ఓడలు లేచాయి. బదులుగా నీటిపైకి తేలిన జపాన్ సబ్‌మెరైన్ దీన్ని దాటి వెళ్లిపోగలదు.

అసలు పని మైన్లు, అంటే శత్రువు నీళ్లలో కట్టి ఉంచిన పేలుడు గుండ్లు, ఏరడం. వెనక నుంచి ఉక్కు తాడు వదులుతారు. ఓడ దగ్గర ఒక బల్ల తాడును లోతుకు నొక్కుతుంది, చివర ఇంకో బల్ల పక్కకు లాగుతుంది, దానిపైన తేలే బుడ్డి తాడు ఎక్కడుందో చూపిస్తుంది. మైను కట్టు తీగ ఈ తాడు మీద జారుతూ కత్తెర దాకా వచ్చి తెగుతుంది. పైకి తేలిన మైనును తుపాకీతో కాల్చేస్తారు. కట్టు తీగ బదులు గొలుసుంటే కత్తెర మొండిబారుతుంది. వేగం తగ్గితే పక్కకు లాగే బల్ల పట్టు వదిలి తాడంతా ఓడ వెనక్కి చుట్టుకొస్తుంది.

యుద్ధంలో చేసిందేమిటంటే: 1942 ఫిబ్రవరిలో సుమత్రా చివరనున్న ఊస్ట్‌హావెన్ రేవును మిత్రపక్షాలు హడావిడిగా వదిలేశాయి. బోలెడు సామాను అక్కడే మిగిలింది. బ్రిటిష్ వైమానిక దళం నుంచి 50 మంది స్వచ్ఛందంగా ఇదే ఓడెక్కి వెనక్కి వెళ్లి, 12 గంటలు ఆయుధాలు, విడిభాగాలు నింపుకొచ్చారు. తర్వాత న్యూగినీలో ఓరో బే కాన్వాయ్‌లకు కాపలా. 1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు రోజున టోక్యో బేలో ఉంది. 1946లో సర్వీసు ముగిసింది, 1947లో తుక్కుకు అమ్మేశారు.

డాల్ఫిన్‌నోస్_చూపు
ఆ 60లో నాలుగు మనవే కదా? బాంబే, బెంగాల్, మద్రాస్, పంజాబ్.

లంగరు_రాజు
అవును, రాయల్ ఇండియన్ నేవీ కోసం ఆస్ట్రేలియాలోనే కట్టారు. జె184కి అక్కాచెల్లెళ్లే. బెంగాల్ గురించి తెలియనివాళ్లకు: 1942 నవంబరు 11న కోకోస్ దీవులకు నైరుతిగా, ఒండినా అనే డచ్ ట్యాంకర్‌కి కాపలాగా వెళ్తుంటే జపాన్ దాడి నౌకలు రెండు ఎదురయ్యాయి. బెంగాల్‌కి ఉన్నది ఒకే ఒక్క చెప్పుకోదగ్గ తుపాకీ. పారిపోకుండా ఎదురెళ్లింది. వాటిలో హోకోకు మారు పేలి మునిగింది. బెంగాల్, ఒండినా రెండూ బతికి బయటపడ్డాయి. బెంగాల్ గుండే తగిలింది.

తామ్రపత్రం
ఆ చివరి ముక్క అంత తేలిగ్గా తేల్చకండి రాజు గారూ. ఒండినాకీ వెనక 4 అంగుళాల తుపాకీ ఉంది. డచ్చివాళ్లు తమ గుండే తగిలిందంటారు.

లంగరు_రాజు
సరే, 'ఇద్దరిలో ఒకరి గుండు' అని చదువుకోండి. ఎదురెళ్లింది మాత్రం బెంగాలే.

ఉప్పుగాలి
1917లో మునిగిన ఆ ఎ70 ఓడను ఒక్క వాక్యంలో తోసేశారే! ఏప్రిల్ 25, సరిగ్గా యాంజాక్ డే, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ తమ సైనికుల్ని తలుచుకునే రోజు. ఇంగ్లిష్ ఛానల్ దగ్గర జర్మన్ సబ్‌మెరైన్ యుబి-32 టార్పెడో వెనకభాగంలో తగిలింది. ఓడ మీద 1,752 మంది. ఒక్కరు కూడా చనిపోలేదు. ఎక్కువ ఘనత ముందు నుంచీ చేయించిన డ్రిల్‌దే. ఎవరు ఏ పడవ దగ్గర నిలబడాలో అందరికీ తెలుసు, వరస చెదరలేదు. ఓడ కూడా వెంటనే మునగలేదు, మర్నాడు తెల్లవారుజామున మునిగింది. ఆ వ్యవధి దొరక్కపోతే డ్రిల్ ఎంత బాగున్నా లెక్క వేరేగా ఉండేది.

డాల్ఫిన్‌నోస్_చూపు
ఇప్పటి 155 సంగతి కూడా ఎవరైనా చెప్పండి. విశాఖ దాకా రావడానికి ఎంత పడుతుంది?

ఉప్పుగాలి
దాని స్థావరం పెర్త్ దగ్గర గార్డెన్ ఐలాండ్. విశాఖ నుంచి సూటిగా కొలిస్తే దాదాపు 3,500 నాటికల్ మైళ్లు. 18 నాట్లతో వెళ్తే 8 రోజులు. ఆ వేగంలో దీని పరిధి 6,000 నాటికల్ మైళ్లు, అంటే వచ్చేటప్పుడు ఇంధనం చాలుతుంది, తిరిగి వెళ్లడానికి చాలదు. మధ్యలో ఎక్కడో ఇంధనం నింపుకోవాల్సిందే.

ఇంజిన్ గది లెక్క: రెండు ఎంటీయూ డీజిళ్లు, ఒక ఎల్‌ఎం2500 గ్యాస్ టర్బైన్. డీజిల్ గానీ టర్బైన్ గానీ, రెండూ కలిపి నడవవు. మామూలు ప్రయాణం డీజిళ్ల మీద, 27 నాట్లు కావాలంటే టర్బైన్. ఒక్క టర్బైనే గేర్‌బాక్సు ద్వారా రెండు ప్రొపెల్లర్లనూ తిప్పుతుంది కాబట్టి ఆ గేర్‌బాక్సు మొరాయిస్తే పరుగు పోయినట్టే.

పొడవు 118 మీటర్లు, 3,600 టన్నులు. ముందు 5 అంగుళాల తుపాకీ, 8 గొట్టాల నిలువు లాంచర్. ఒక్కో గొట్టంలో నాలుగేసి సీ స్పారో కొత్తరకం క్షిపణులు, మొత్తం 32. వెనక ఒక సీహాక్ హెలికాప్టర్.

ఎక్కువమంది గమనించనిది పైన రాడార్లు మోసే స్తంభం. కట్టినప్పుడు అంత లావుగా లేదు. క్షిపణుల నుంచి కాచుకోవడానికి తర్వాత సీఫార్ రాడార్ పెట్టారు. ఇది తిరగదు, చుట్టూ ఆరు పలకలు కదలకుండా చూస్తుంటాయి. పలకల్ని ఎత్తులో పెడితే దూరం కనిపిస్తుంది కానీ ఓడ తలబరువెక్కుతుంది. అందుకే తెరిచి ఉన్న వెనక డెక్కును మూసేసి ఓడ ఒంట్లోకి కలిపేసుకున్నారు. ఓడకు తేలే సత్తా పెరిగితే పైబరువు భరిస్తుంది. ఫొటోలో వెనక డెక్కు తెరిచి ఉంటే అది మార్పుకు ముందుది.

కొత్తపడవ
మోడల్ కోసం ఫొటోలు ఏరేటప్పుడు అదే తరగతి వేరే ఓడలతో కలిసిపోతున్నాయి.

ఉప్పుగాలి
ఆకారం చూసి పోల్చుకోలేరు, ఓడ పక్కన రాసిన నంబరే దిక్కు. 150 యాంజాక్ నుంచి 157 పెర్త్ దాకా ఎనిమిది కట్టారు. మీకు తగిలేది 154 పారమాటా, 156 టూవూంబా అయ్యుంటాయి, చివరి అంకె మసకైతే 155తో సులభంగా కలుస్తాయి. నంబరు కనబడని ఫొటోను మోడల్‌కు వాడకండి.

తామ్రపత్రం
పాత పేపర్లు వెతికేవాళ్లకు ఒక మాట. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ట్రోవ్‌లో ఊరి పేరును రెండు రకాలుగానూ కొట్టండి. స్థానిక వాథరాంగ్ మాటల నుంచి 1838లో యూల్ కుటుంబం తమ గొర్రెల మేతభూమికి పెట్టుకున్న పేరులో, ఇంగ్లిష్ స్పెల్లింగు మధ్యన 'ఎ' పక్కపక్కనే రెండుసార్లు ఉండేది (Ballaarat). నగరపాలక సంస్థ కాగితాల్లో 1990ల దాకా అదే నడిచింది. 1882 పి అండ్ ఓ ఓడ పేరులోనూ రెండు 'ఎ'లే, ఎ70 నంబరిచ్చిన 1911 నాటి ఓడలో ఒకటే. ఈ తేడా పట్టుకుంటే ఆ రెండు ఓడల వార్తలు కలగాపులగం కావు.

డాల్ఫిన్‌నోస్_చూపు
రెండు 'ఎ'లతో కొడితే 1882 ఓడ విడిగా వచ్చేసింది. నాలుగు అన్నవాళ్ల లెక్క ఇప్పుడు తేలింది. జె184కి పేపర్లలో 'కార్వెట్' అని కొడితే యుద్ధకాలం నాటివి తక్కువ వస్తున్నాయి, ఎందుకు?

లంగరు_రాజు
అధికారిక కాగితాల్లో వాటిని 'ఆస్ట్రేలియన్ మైన్‌స్వీపర్' అన్నారు. కార్వెట్ అన్నది జనం నోట్లో నిలిచిన మాట. పైగా యుద్ధం నడుస్తున్నప్పుడు సాధారణంగా ఓడ పేరు పేపర్లో వేయనిచ్చేవాళ్లు కాదు. 1945 సెప్టెంబరు తర్వాతి తేదీలు పెట్టి చూడండి.